నాలుగో టిప్పర్

బహదూర్‌పురాలో రంగనాయకి ఉండే గల్లీలో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా ఆమె గడపే తొక్కేవారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, పింఛను ఆగిపోయినా, నల్లాలో మురుగునీళ్లు వచ్చినా అరగంటలో రాసి చేతికిచ్చేది. తండ్రి బతికున్నన్నాళ్లూ గల్లీ చివరి రామాలయంలో అర్చకత్వం చేశాడు. ఆయన పోయాక రంగనాయకి ఒక ప్రైవేటు బడిలో గుమస్తాగా చేరింది. ఇరవై రెండేళ్లుగా అవే రిజిస్టర్లు, అదే బల్ల. సంబంధాలు చూస్తూ చూస్తూ ఉండగానే నలభై దాటాయి, ఆ తరువాత చూడడం మానేశారు. ఇంట్లో తల్లి, ఒక వకీలు దగ్గర పనిచేసే తమ్ముడు మాధవ్, అతని భార్యాపిల్లలు ఉంటారు. "అయ్యగారి బిడ్డ మస్తు మంచిది" అని గల్లీలో అందరూ అంటారని ఆమెకు తెలుసు. ఆ మాటంటే ఆమెకు ఎంత ఇష్టమో మాత్రం ఎవరికీ తెలియదు.

2020 అక్టోబరు వానలకు ఆ ఇంట్లోకి కిటికీ ఎత్తున నీళ్లొచ్చాయి. మూడు రోజులు మేడ మీద ప్లాస్టిక్ పట్టా కింద కూర్చున్నారు. పక్కింటి ముసలాయన మంచం మీదే ప్రాణం వదిలాడు. నీళ్లు తీశాక గోడల మీద మిగిలిన బురద గీతను చూస్తూ, ఇన్ని నీళ్లు అసలు ఎక్కడికి పోవాల్సినవి అని రంగనాయకి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు సదాశివ సార్. రిటైరైన హెడ్మాస్టరు, పాత నక్షాలు పోగుచేసే అలవాటున్నవాడు. చుట్టుపక్కల వాన నీళ్లు ఆగే కుంటలు ఒకప్పుడు తొమ్మిది ఉండేవని, ఇప్పుడు మేకల కుంట ఒక్కటే మిగిలిందని, దాన్ని కూడా ఎవరో ఫంక్షన్ హాలు కోసం పూడుస్తున్నారని ఆయన నక్షా పరిచి చూపించాడు.

అలా మేకల కుంట పరిరక్షణ సమితి పుట్టింది. సార్ అధ్యక్షుడు, రంగనాయకి కార్యదర్శి. పేరుకు పాతిక మంది ఉన్నా, నిలబడి పనిచేసేది నలుగురే. మూడోవాడు శ్రవణ్‌కుమార్, కంప్యూటర్ ఉద్యోగం చేసే పాతికేళ్లవాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎవరు చెట్లకు గొలుసులతో తమను కట్టేసుకున్నారో, ఏ గని ముందు పడుకున్నారో అన్నీ ఫోన్లో చూపించేవాడు. నాలుగోవాడు ఎల్లయ్య. కుంట గట్టు మీదే అతని కొట్టం, అందులో పదకొండు బర్లు. ఉస్మాన్‌గంజ్‌లోని హోటళ్లకు టీవీఎస్ బండి మీద క్యాన్లలో పాలు పోసేవాడు. చదువు రాదు. కుంటలో ఏ మూల ఎంత లోతో, ఏ నెలలో ఏ పిట్టలు దిగుతాయో మాత్రం అతన్నే అడగాలి.

రెండున్నరేళ్లలో రంగనాయకి అరవై మూడు దరఖాస్తులు రాసింది. ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కింది. చివరికి ఒక ఆఫీసు నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది. మీరు పేర్కొన్న కుంట మా రికార్డులలో లేదు అని.

సార్ ఇంటి వరండాలో ఆమె ఆ కాగితం చదివి వినిపించింది. 

"ఇంకా పైకి రాద్దాం," అన్నాడు సదాశివ సార్.

"మనం రాసేలోపల పూడ్చుడు అయిపోతది సార్," అన్నాడు శ్రవణ్‌కుమార్. "రోజుకు ఇరవై ట్రిప్పులు కొడుతున్నరు. ఇగ ఆపాల్సింది టిప్పర్లను."

ఎప్పుడూ ఇద్దరి మధ్య సర్దిచెప్పే రంగనాయకి ఆ రోజు సర్దిచెప్పలేదు. "శ్రవణ్ చెప్పేది నిజం. రాసుడు చాలు. చక్రాల్ల గాలి తీసేద్దాం. ఒక్కరోజన్న పని ఆగుతది, పేపరోళ్లు వస్తరు," అంది. తన నోట ఆ మాట విని తనకే గర్వంగా అనిపించింది.

ఎల్లయ్య తల గోక్కున్నాడు. "డ్రైవర్లు గరీబోళ్లక్కా. పొద్దుగాల నా కొట్టంలనే చాయ్ తాగుతరు. వాళ్లకేమన్న అయితే ఎట్ల?"

"ఎవ్వరికి ఏం కాదు ఎల్లయ్యా. గాలి తీసిన ప్రతి బండి అద్దం మీద కాగితం అంటిద్దాం, బండి నడపొద్దని. అంటించే పని నాది."

"నువ్వు అంటిస్తనంటే నాకు ఫికర్ లేదు," అన్నాడు ఎల్లయ్య.

సదాశివ సార్ లేచి నిలబడ్డాడు. "ఈ మాటలు నా వరండాల జరగలే. నేను వినలే," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రంగనాయకి బడికి సెలవు పెట్టింది. డ్రైవర్లు కొందరు నమాజుకు, కొందరు తిండికి వెళ్లే మధ్యాహ్నం వేళ. గట్టు మీద నాలుగు టిప్పర్లు మట్టి లోడుతో ఆగి ఉన్నాయి. శ్రవణ్‌కుమార్ రెండింటి గాలి తీశాడు, ఎల్లయ్య ఒకదాని గాలి తీశాడు. రంగనాయకి వెనకే వెళ్లి, శ్రవణ్ ప్రింటు తీసి తెచ్చిన కాగితాలు మూడు అద్దాల మీద అంటించింది. ఆమె పని అంతవరకే. కానీ నాలుగో టిప్పర్ దగ్గరికి వచ్చేసరికి, "ఇది నేను తీస్త," అంది. శ్రవణ్ నవ్వి ఎలా తీయాలో చూపించి, ఎల్లయ్యతో కలిసి ముందుకు వెళ్లిపోయాడు. ఆమె వెనక చక్రాల దగ్గర చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని కూర్చుంది. జంట చక్రాల్లో లోపలి దాని గాలి బుస్సుమని ముఖానికి కొట్టింది. నలభై ఆరేళ్ల జీవితంలో అంత సంతోషం తనకు ఎప్పుడూ కలగలేదని తరువాత ఆమె ఒప్పుకుంది.

అప్పుడే రేకుల షెడ్డు వైపు నుంచి వాచ్‌మన్ దగ్గు వినిపించింది. రంగనాయకి లేచి, సంచీ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా గల్లీలోకి నడిచింది. ఇంటికొచ్చి సంచీ తీస్తే నాలుగో కాగితం అందులోనే ఉంది. మిగతా మూడు బండ్లు చూసి ఆ డ్రైవరు కూడా జాగ్రత్త పడతాడులే అనుకుంది. వెనక్కి వెళ్లి అది అంటించి రావడానికి ఇంకా గంట సమయం ఉంది. ఆమె చేతులు కడుక్కుని, తల్లి కలిపిపెట్టిన పెరుగన్నం తిని, కాసేపు నడుం వాల్చింది.

రెండున్నరకు నాలుగో టిప్పర్ గట్టు అంచుకు వెనక్కి వెళ్లి, మట్టి గుమ్మరించడానికి తొట్టి ఎత్తగానే, గాలి లేని వైపు ఒరిగి కుంటలోకి పడిపోయింది. డ్రైవరు పేరు జాంగీర్. పాలమూరు వైపు నుంచి వచ్చి కార్వాన్‌లో భార్యతో అద్దెకుంటున్నాడు. కుడికాలు నలిగిపోయింది. ఆ సాయంత్రమే మోకాలి కింద తీసేశారు.

మర్నాడు పొద్దున పాలు పిండుతుండగా పోలీసులు ఎల్లయ్యను తీసుకెళ్లారు. గట్టు పక్కన నిలబెట్టిన అతని టీవీఎస్‌ను వాచ్‌మన్ గుర్తుపట్టాడు. ఒక బండి గాలి తీసింది నిజమేనని ఎల్లయ్య ఒప్పుకున్నాడు. ఇంకెవరున్నారంటే నోరు విప్పలేదు.

సమితి వాళ్లను కూడా స్టేషన్‌కు రమ్మన్నారు. పోయే ముందు మాధవ్, ఏం జరిగిందని అడగకుండానే, అక్కను కూర్చోబెట్టి నేర్పించాడు. "నువ్వు దరఖాస్తులు రాస్తవ్, గంతే. శుక్రవారం ఇంట్ల ఉన్నవ్. అడిగినదానికే జవాబు చెప్పు."

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. "మేడం, మీరు చదువుకున్నోళ్లు. మీకు ఈ లొల్లితోని సంబంధం లేదని నాకు తెలుసు. ఈ ఎల్లయ్య ఎసొంటోడు?"

ఊరికే ఉండొచ్చు. తెలియదు అనొచ్చు. కానీ ఆ కుర్చీ, ఆ 'మేడం' అన్న మాట, పక్కన సదాశివ సార్ సర్దుకుంటున్న కండువా, అన్నీ కలిసి ఆమె నోట వేరే మాట పలికించాయి.

"మంచోడే సార్. కొంచెం ఆవేశం ఎక్కువ. గిట్లాంటివి వద్దని మేం ఎంత చెప్పినా వినలే."

పక్క గది తలుపు తెరిచే ఉంది. లోపల నేల మీద, గోడకు ఆనుకుని ఎల్లయ్య కూర్చుని ఉన్నాడు. సంతకం పెట్టి లేస్తున్నప్పుడు ఆమె అతన్ని చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. తన అరచేతులకేసి చూసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం సార్ ఇంట్లో పత్రికలకు ప్రకటన తయారైంది. మా సమితి శాంతియుత మార్గాన్నే నమ్ముతుందని, ఒక వ్యక్తి తొందరపాటు చర్యతో తమకు ఏ సంబంధమూ లేదని. అది రాసింది కూడా రంగనాయకే. ఒక్క కొట్టివేత లేకుండా రాసింది.

శ్రవణ్‌కుమార్ వారం తరువాత ఫోన్ చేశాడు. "కాలు పోవుడు పాపమే అక్కా. కాని ఒకటి చూడు, వారం నుంచి ఒక్క టిప్పర్ రాలే. పెద్ద పోరాటంల గిట్లాంటివి అయితయ్." ఆమె అతన్ని తిట్టలేదు. టిప్పర్లు రాలేదన్న మాటకు తన మనసు కూడా ఒక్క క్షణం తేలికపడిందని గమనించి ఫోన్ పెట్టేసింది. నెల తిరక్కుండా అతను పుణెలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.

జాంగీర్‌ను చూడకుండా ఉండలేక రంగనాయకి ఒక రోజు బత్తాయిలు పట్టుకుని సర్కారు దవాఖానాకు వెళ్లింది. ఏదో సంస్థ నుంచి వచ్చిందనుకుని అతని భార్య స్టూలు జరిపింది. జాంగీర్ ముప్పై దాటని మనిషి. అడగకుండానే అంతా చెప్పుకొచ్చాడు.

"నమాజు నుంచి లేట్‌గా వచ్చినమ్మా. వచ్చేసరికి మావోళ్లు మూడు బండ్ల చుట్టు లొల్లి పెడుతున్నరు. గాలి తీసిండ్రు, కాగితాలు అంటించిండ్రు అని. నా బండి అద్దం చూస్తే సాఫ్‌గ ఉంది, బయటి చక్రాలు గట్టిగనే ఉన్నయ్. నీది బచ్ గయా జాంగీర్ భాయ్ అన్నరు. నీదొక్కటే బాగుంది, జల్దీ ఖాళీ చెయ్యి అన్నడు సూపర్‌వైజర్. అందుకే ఎక్కిన."

రంగనాయకి చేతిలోని బత్తాయి ఒలుస్తూ ఉండిపోయింది. ఆమె అంటించని కాగితం వట్టి కాగితం కాదు. అది లేకపోవడమే ఆ మనిషికి, ఎక్కు, ఏం ఫరవాలేదు అని చెప్పింది.

"ఆ పాలాయన ఎందుకు చేసిండో అర్థం కాదమ్మా," అన్నాడు జాంగీర్. "రోజు చాయ్ పోసేటోడు."

డాక్టరుతో మాట్లాడతానని చెప్పి ఆమె లేచి వచ్చేసింది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లలేదు. బస్టాపు దాటి ఎంత దూరం నడిచిందో ఆమెకు గుర్తులేదు.

ఎల్లయ్య చంచల్‌గూడ జైల్లో యాభై మూడు రోజులున్నాడు. ఆ రోజుల్లో రంగనాయకి కొట్టం వైపు దారి మానేసి చుట్టు తిరిగి బడికి వెళ్లేది. కానీ బాలమ్మే ఆమె ఇంటికి వచ్చింది. బాలమ్మ ఎల్లయ్య భార్య. చెప్పులు బయట విడిచి, గడప అవతలే నిలబడింది.

"అక్కా, మా ఆయన ఎసొంటోడో నీకెరుకనే గద. పెద్ద సార్లకు ఒక దరఖాస్తు రాసియ్యి. మాలెక్క చదువు రానోళ్లం రాస్తే ఎవరు చూస్తరు. నీ చేతిరాత అయితే చూస్తరు."

రంగనాయకి కూర్చుని రాసింది. నా భర్త ఏ నేరమూ ఎరుగని అమాయకుడు అని, కష్టం చేసుకుని బతికేవాడు అని రాసింది. బాలమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. "బర్లు ఐదు అమ్మినం అక్కా. మిగిలినయన్న ఆయన వచ్చేదాక ఉంటే చాలు," అంది. బాలమ్మ జైలుకు ములాఖత్‌కు వెళ్లినప్పుడు కూడా ఎల్లయ్య రంగనాయకి పేరు ఎత్తలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. బాలమ్మ వెళ్లాక రంగనాయకి తలుపు గొళ్లెం పెట్టి, ఎవరు పిలిచినా పలకకుండా పొద్దుగూకేదాకా కూర్చుంది.

ఈలోపు పత్రికల్లో వచ్చిన గొడవకు కోర్టు నుంచి స్టే వచ్చింది. పూడ్చడం ఆగింది. మేకల కుంటను కాపాడింది మేకల కుంట పరిరక్షణ సమితి అని పేరొచ్చింది. మరుసటి ఏడు ఒక సంఘం వాళ్లు శాంతియుత పోరాటానికి సన్మానం అన్నారు. రంగనాయకి రానంది. "నువ్వు రాకపోతే అందరికీ అనుమానం వస్తది," అన్నాడు సదాశివ సార్. ఆమె వెళ్లింది.

హాలు నిండా జనం. సార్ మెడలో దండ, ఆమె భుజాల మీద శాలువా. ఫోటోలు తీయించుకుని వేదిక దిగి, మంచినీళ్ల కోసం పక్క ద్వారం వైపు వెళ్లేసరికి ఎదురుగా ఎల్లయ్య. రెండు చేతుల్లో రెండు క్యాన్లు. ఆ హాలు క్యాంటీన్‌కు అతనే పాలు పోస్తున్నాడు. బెయిలు మీద వచ్చాక హోటళ్లవాళ్లు చాలామంది అతని దగ్గర పాలు మానేశారు, ఇలాంటివే కొన్ని మిగిలాయి.

ఎల్లయ్య శాలువాను చూశాడు, ఆమెను చూశాడు. ముఖంలో కోపం లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని అడిగినట్టు, "మేడం, పాలు ఎక్కడ పెట్టాలె?" అని అడిగాడు.

ఆమె వేలితో చూపించింది.  అతను 'అక్కా' అనకపోవడం కంటే, తను ఇంకా ఆ శాలువా తీసేయకపోవడం ఆమెను ఎక్కువగా బాధించింది. తీసేస్తే అందరూ చూస్తారని భయం. ఆ భయాన్ని కూడా ఆమె చూసుకుంది. శాలువాతోనే ఇంటిదాకా వచ్చింది.

మర్నాడు మాధవ్‌తో జరిగిందంతా చెప్పి, కోర్టులో ఒప్పుకుంటానంది. "నీకు పిచ్చి లేసిందా? కేసు సల్లబడ్డది. ఆయనకు శిక్ష గూడ తక్కువనే పడుతది. నువ్వు పోయి జైల్ల కూసుంటే ఎవరికి ఫాయిదా?" అని అరిచాడు. తల్లి లేచింది. దేవుడి గదిలోకి వెళ్లి దీపం ముందు కూర్చుంది.

రంగనాయకి ముందు కొట్టానికి వెళ్లింది. ఎల్లయ్య చొప్ప వేస్తున్నాడు, బాలమ్మ పేడ ఎత్తుతోంది. ఇద్దరి ముందూ నిలబడి చెప్పింది. "నాలుగో బండి గాలి తీసింది నేను. కాగితం అంటించకుండ భయపడి ఉరికింది నేను. స్టేషన్‌ల నీ మీద చెప్పింది నేను. కోర్టుల చెప్పనీకి పోతున్న."

బాలమ్మ చేతిలో గంప అలాగే ఉండిపోయింది. భర్త వైపు తిరిగి, "నీకెరుకనా?" అంది. అతను తలూపాడు.

"మరి ఆ దరఖాస్తు?" అని బాలమ్మ రంగనాయకిని అడిగింది. "గదంత తెలిసే రాసినవా?"

"తెలిసే రాసిన."

బాలమ్మ గంప దింపి కొట్టం వెనక్కి వెళ్లిపోయింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్?" అన్నాడు ఎల్లయ్య. గొంతులో అలసట తప్ప ఇంకేమీ లేదు. "నీ మనసు సాఫ్ చేసుకోనీకా? నా బర్లు తిరిగొస్తయా, ఆయన కాలు తిరిగొస్తదా?"

"రావు," అంది ఆమె.

"నేను గూడ ఒక బండి గాలి తీసిన. నా తప్పు నాకుంది. నీది నీకుంది. చెప్పుకుంటే చెప్పుకో. శ్రవణ్ పేరు మాత్రం నా నోట రాదు."

జాంగీర్‌కు చెప్పడం దీనికంటే కష్టమైంది. కార్వాన్‌లో మెట్ల కింద ఒక్క గది. అతను మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. బత్తాయిలు తెచ్చినామె ఈమేనని గుర్తుపట్టాడు. ఒక్కటే అడిగాడు.

"ఇంటికి పోయినంక కాగితం చూసినవు గద. నేను రెండున్నరకు బండెక్కిన. అప్పటిదాక ఏం చేసినవమ్మా?"

"అన్నం తిన్న," అంది రంగనాయకి. "పండుకున్న."

అతని భార్య తలుపు తెరిచి పట్టుకుంది. రంగనాయకి బయటికి నడిచింది.

ఆమె వాంగ్మూలంతో కేసు మళ్లీ తిరగదోడారు. ఆమెను రెండో ముద్దాయిగా చేర్చారు. పదకొండు రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చింది. బడిలో ఉద్యోగం తీసేశారు. సదాశివ సార్ కొత్త కార్యదర్శిని పెట్టుకున్నాడు, మరో ప్రకటన ఇచ్చాడు. ఈసారి అందులో తొందరపాటు చర్య చేసిన వ్యక్తి పేరు రంగనాయకి. అది చదివి ఆమెకు కోపం రాలేదు. అదే వాక్యం, తను కూర్చిన మాటలే. గల్లీలో దరఖాస్తులకు ఇప్పుడు ఎవరూ రారు. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెప్తానంటే ఇద్దరు పంపారు, ఒకరు మానిపించారు. మేకల కుంట సగం మిగిలింది. పోయిన వానలకు గల్లీలో నీళ్లు మోకాళ్లదాకానే వచ్చాయి. ఆ సగం కుంట వల్లేనని సదాశివ సార్ అంటాడు, కావచ్చు కూడా. ఆమె మాత్రం ఆ వైపు వెళ్లి చూడలేదు.

వాయిదాలు నెలకొకటి పడుతున్నాయి. కోర్టు వరండాలో ఒక బెంచీకి ఆ చివర ఎల్లయ్య, ఈ చివర రంగనాయకి కూర్చుంటారు. సాక్షిగా వచ్చే జాంగీర్ ఎదుటి బెంచీ మీద చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ముగ్గురూ మాట్లాడుకోరు. మొన్నటి వాయిదాకు జడ్జి సెలవు. మళ్లీ తారీఖు వేశారు. మెట్లు వానకు తడిసి ఉన్నాయి. జాంగీర్ పై మెట్టు దగ్గర ఆగి, కర్ర ఎక్కడ ఆనించాలో తెలియక వెనకా ముందూ ఆడాడు. ఎల్లయ్య వెళ్లి భుజం అందించాడు. రంగనాయకి కూడా ఒక అడుగు వేసింది. జాంగీర్ తలతిప్పి చూశాడు. ఆమె అక్కడే ఆగిపోయింది.

ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగి కిందికి చేరారు. ఎల్లయ్య టీవీఎస్ తీసి, క్యాన్లు కట్టే చోట జాంగీర్ కర్రలు కట్టి, అతన్ని వెనక ఎక్కించుకుని కార్వాన్ వైపు తిప్పాడు. వాళ్లు కనుమరుగయ్యాక రంగనాయకి మెట్లు దిగి, గోడకు అంటించిన వాయిదాల పట్టికలో తమ కేసు తారీఖు ఇంకోసారి చూసుకుని, బస్టాపు వైపు నడిచింది.